జింకు పలకలో శిల్పము: కృష్ణారెడ్డి గారి కళాజీవితము



ఆదోని కోటకొండ నెక్కి నాలుగు దిక్కులు పరికించువారికి మొట్టమొదట కానవచ్చునది ఊరు కాదు, రాయి. ఎండకు కాగి, వానకు నునుపెక్కి, ఒకదానిపై నొకటి యొరగి నిలిచిన ఆ గుండ్లనే విజయనగర ప్రభువులు తమ కోటకు గోడలుగా చేసికొనిరి. ఆ రాతినే పదునేడవ శతాబ్దమున సిద్దీ మసూద్ ఖాను తన జామియా మసీదు కొఱకు చెక్కించెను. పేరైన మిగులని పల్లె శిల్పులు దానినే ఈ సీమ పొలిమేరలలో వీరగల్లులుగా నిలిపిరి. పత్తికొండ దాటి గుత్తి త్రోవను పోయినచో ఎఱ్ఱగుడి గుండ్లపై అశోకుని ధర్మలిపులు నేటికిని కనబడును. ఇటు బళ్లారి చెంత కుప్పగల్లు కొండమీద, లిపి యన నేమో యెఱుగని నవీన శిలాయుగపు మనుష్యులు నల్లరాతిని రాతితోనే పొడిచి పొడిచి దించిన ఎద్దుల రూపములు కలవు. రాతిని తొలిచి తన తలంపును అందులో నిలుపుట ఈ సీమవానికి వేల యేండ్ల నుండి చేతికి వచ్చిన పని.

ఆ పనిని రాతినుండి లోహమునకును, లోహమునుండి కాగితమునకును మఱలించి, పారిస్, న్యూయార్కు నగరముల కళాకారులకు గురువై నిలిచిన రాయలసీమ బిడ్డ యొకరు కలరు. ఆయనయే కృష్ణారెడ్డి గారు. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమువారు 2016లో ఆయన పేరును శీర్షికయందే చేర్చి ఒక ప్రదర్శనము నేర్పాటు చేసిరి. ఢిల్లీ జాతీయ ఆధునిక కళాసంగ్రహాలయమున ఆయన చిత్రములు కలవు. ఆయన పుట్టిన సీమలో మాత్రము ఆయన పేరు పాఠశాలల గోడలమీద కనబడుట లేదు. ఈ సంగతి నన్ను చాలకాలముగా బాధించుచున్నది. లోకము ఆయనను ముద్రణచిత్రకారుడని పిలుచును. ఆ మాట తప్పు కాదు. అయినను ఆయనను శిల్పి యనియే పిలువవలెనని నా పక్షము. ఏలయనగా ఆయన కాగితముమీద చూపిన రంగులన్నియు ఉలి చేసిన లోతులనుండి పుట్టినవే గాని, కుంచె పూసినవి కావు.

కృష్ణారెడ్డి గారు 1925 జులై 15న చిత్తూరు ప్రాంతమునందలి నందనూరను చిన్న పల్లెలో జన్మించిరి. నాడు చిత్తూరును, బళ్లారి జిల్లాలో నుండిన మన ఆదోని తాలూకాయు ఒకే మదరాసు రాజధానిలోనివి. ఆదోని కర్నూలు జిల్లాలో చేరుట 1953లో ఆంధ్రరాష్ట్రావతరణముతో జరిగిన సంగతి. తండ్రి సేద్యముచేసి బ్రతుకుచు, దేవాలయములకు బొమ్మలు మలచి, గోడలమీద చిత్రములు వ్రాయుచుండెడివారు. కనుక సున్నపు వాసనయు, మట్టి ముద్ద చేతిలో రూపు కట్టు వింతయు ఆ బాలునికి అక్షరములకు ముందే పరిచితములు. మదనపల్లె చెంత జిడ్డు కృష్ణమూర్తి గారి భావములతో వెలసిన ఋషివ్యాలీ పాఠశాలలో చదువుకొనుట ఆయనకు లభించిన రెండవ భాగ్యము. చెట్టును చెట్టుగా, పురుగును పురుగుగా, పేరులు పెట్టక ముందే నిదానించి చూడుమని నేర్పిన ఆ బడి ప్రభావము, తరువాతి కాలమున ఆయన చెక్కిన చేపలలోను, కీటకములలోను, మొలకలలోను ప్రత్యక్షముగా కనిపించును.

అటుపిమ్మట శాంతినికేతనము. 1942 ప్రాంతమున కళాభవనమున చేరిన ఈ తెలుగు యువకునికి నందలాల్ బోసు ఆచార్యులైరి. కాని శిల్పమునందు గురువు రామ్‌కింకర్ బైజ్. భారతదేశమున ఆధునిక శిల్పమునకు ఆద్యుడెవరని యడిగినచో నేను తడుముకొనక చెప్పు పేరు రామ్‌కింకర్‌ది. బంకురా ప్రాంతపు పేదయింట పుట్టి, పాలరాతికి గాని కంచునకు గాని ధనము లేనివాడై, ఆ నేలలో దొరకు ఎఱ్ఱని కంకరను సిమెంటుతో కలిపి, చేతితో విసరి, అదిమి, ఆరుబయట నిలువెత్తు విగ్రహములను లేపిన మహాసాహసి ఆయన. 1938లో ఆయన నిర్మించిన 'సంతాల్ కుటుంబము' కళాభవన ప్రాంగణముననే, నేలమీద నడుచుచున్నట్లు నిలిచియున్నది. కృష్ణారెడ్డి గారు విద్యార్థిగా దినదినమును దాని ప్రక్కనుండియే పోవుచుండవలసినవారు.

ఈ విగ్రహమును గూర్చి నేను కొంత విస్తరించి చెప్పుదును. మన ప్రాంతపు శ్రోతలకు ఇది ఎవరును వివరింపకయే తెలియదగినది. భుజమున కావడి మోయుచు నడచు పురుషుడు. కావడి యొకవైపు తట్టలో పసిబిడ్డ. ప్రక్కన తలపై బరువుతో, చంక బిడ్డతో అడుగులు వేయు స్త్రీ. వారి కాళ్లవెంట నడచు కుక్క. ఇల్లు వాకిలి మూటగట్టుకొని పనిని వెదకికొనుచు పోవుచున్న కుటుంబమది. కోసిగి, మంత్రాలయము, ఆలూరు ప్రాంతములనుండి వానలు మోసగించిన యేట సుగ్గికి బయలుదేరు మనవారిని చూడనివారు మనలో నెవరు? చట్టి, బాన, చాప, కంబళి లారీలో నెక్కించి, బడిలో నుండవలసిన పిల్లను ఒడిలో కూర్చుండబెట్టుకొని, మిరపకాయలు కోయుటకు గుంటూరు సీమకు తరలు ఆ తల్లిదండ్రుల నడకలో నొక తొందరయు, నొక మౌనమును కలవు. రామ్‌కింకర్ ఆ నడకను జాలిపడి చూపలేదు. రాజులకును సేనానులకును మాత్రమే దక్కుచుండిన నిలువెత్తు పరిమాణమును ఆ కూలిసంసారమున కొసగి, వారి యడుగులో గల బలమును కంకరలో బిగించెను. ముట్టుకొన్నచో చేతికి గీరుకొను ఆ గరుకుదనమే ఆ శిల్పమునకు చర్మము. 1956లో ఆయనయే చేసిన 'మిల్లు పిలుపు'లో, కూత వినగానే తడి బట్టలు గాలికి ఎగురుచుండగా మిల్లునకు పరుగిడు స్త్రీలు కనబడుదురు. ఆదోని జిన్నింగు మిల్లులలో ప్రత్తి దూది మధ్య బ్రతుకు గడిపిన తల్లులకు ఆ పరుగు క్రొత్త కాదు.

గురువువద్ద శిష్యుడు గ్రహించినది విషయము మాత్రమే కాదు. సాధనము తన్ను తాను దాచుకొనరాదను నియమము. కంకర కంకరగానే కనబడవలెను. ఈ నియమమును కృష్ణారెడ్డి గారు లోహమునందు తుదివరకు పాటించిరి. ఆ విద్యార్థిదశయందే 1942 నాటి క్విట్ ఇండియా ఉద్యమమున ఆయన పాల్గొనుటయు, ఆ మరుసటి యేడే వంగదేశమును క్షామము క్రమ్ముటయు జరిగినవి. కఱవు నెఱిగిన సీమనుండి వెళ్లినవాడు మఱియొక సీమలో కఱవును చూచెను.

1947లో చదువు ముగిసినపిదప మదరాసునందు రుక్మిణీదేవి గారి కళాక్షేత్రమున చిత్రకళాశాఖకు అధిపతియై రెండేండ్లు పనిచేసి, 1949లో లండను చేరిరి. స్లేడు కళాశాలయందు హెన్రీ మూర్ సాన్నిధ్యమున శిల్పము నభ్యసించి, అచ్చటనుండి పారిస్ వెళ్లి, ఒసిప్ జాడ్కిన్ శిల్పశాలలో చేరిరి. మఱికొంత కాలమునకు ఇటలీదేశపు మిలాను నగరమున మరీనో మరీనివద్ద కూడ నేర్చిరి. ఇన్ని పేరులు వరుసగా చెప్పుట వట్టి జాబితా యగునని యెఱుగుదును. అయినను ఒక సంగతి గమనింపవలెను. వీరందఱును శిల్పులే. చిత్రకారుడు కాదలచినవాడు ఇందఱు శిల్పుల గడప త్రొక్కడు. పారిస్‌లో స్టాన్లీ విలియమ్ హేటర్ నడుపుచుండిన 'అటెలియే 17' అను ముద్రణశాలలో ఆయన ప్రవేశించునప్పటికి ఆయన చేతులు శిల్పిచేతులు. అచ్చట దొరకినది సన్నని జింకు పలక. శిల్పి చేతికి పలక చిక్కినపుడు జరిగినదే ఆయన జీవితకథలో ప్రధానఘట్టము.

పూర్వము మన ఊళ్ల అచ్చుకూటములలో బొమ్మల నచ్చువేయుటకు వాడిన బ్లాకులు కూడ జింకువే గనుక ఆ లోహము మనకు తెలియనిది కాదు. రంగుల ముద్రణకు అప్పటిదాక గల పద్ధతి యిట్టిది: ఎన్ని రంగులో అన్ని పలకలు. ఎఱుపునకొకటి, పసుపునకొకటి, నీలమునకొకటి. కాగితమును ఒక్కొక్క పలకపై సరిగా అమర్చి మఱల మఱల అచ్చువేయవలెను. వెండ్రుకవాసి తప్పినచో చిత్రము చెదరును. కృష్ణారెడ్డి గారును, ముంబాయినుండి వెళ్లిన కైకో మోతీ గారును, హేటరు గారితో కూడి ఆ శాలలో సాగించిన పరిశోధనమున ఈ ప్రయాస తొలగి, ఒకే పలకనుండి ఒక్క మారు అచ్చు వేయుటతోనే పెక్కురంగులు రప్పించు ఉపాయము సిద్ధించెను.

ఆ ఉపాయమును మెల్లగా చెప్పుదును. వినుటకు శాస్త్రమైనను చేతిపనియే. మొదట పలకను చెక్కవలెను. మొనగల ఉలితో కొన్ని గీతలు, ఆమ్లముతో కొఱికించిన కొన్ని పల్లములు, గీకుడుకత్తితో నునుపుచేసిన కొన్ని వాలులు, విద్యుత్తుతో తిరుగు చిన్న యంత్రముతో తొలిచిన కొన్ని గుంటలు: ఇట్లు పలకమీద మెట్టలును, మెట్టలక్రింద మధ్యతలములును, వాటిక్రింద లోయలును ఏర్పడును. ఒక పలకను ఈ రీతిగా సిద్ధము చేయుటకు ఆయనకు నెలలు పట్టుచుండెను. ఈ దశలో దానిని వెలుగున కెదురుగా ఏటవాలుగా పట్టుకొని చూచినచో అది ముద్రణకు సాధనమని తోచదు. పల్చని లోహములో చెక్కిన ఉబ్బెత్తు శిల్పమే యనిపించును.

పిమ్మట రంగులు. లోతైన గీతలలో చిక్కని సిరాను అదిమి, పైభాగమును తుడిచివేయుదురు. ఆపై గట్టి రోలరుతో, అవిసెనూనె యెక్కువగా కలిపిన పలుచని రంగును దొర్లింతురు. రోలరు గట్టిది గనుక అది మెట్టలను మాత్రమే తాకి పోవును. అటుపిమ్మట మెత్తని రోలరుతో, నూనె తక్కువైన చిక్కని రంగును ఒత్తి దొర్లింతురు. ఈ మెత్తనిది పల్లములలోనికి దిగును. ఇచ్చటనే విశేషమున్నది: నూనె యెక్కువగల రంగు ముందుగా నిలిచినచోట, నూనె తక్కువగల రంగు అంటదు, దానిని విడిచి, ఖాళీగా నున్న పల్లములలోనే కూర్చుండును. వరుస తారుమారైనచో రెండును కలిసి మురికియగును. నూనెపాలు కొంచెము హెచ్చినను తగ్గినను ఫలితము మాఱును. ఇన్ని రంగులు ఒకే పలకపై, ఒకదాని చోటును మఱియొకటి ఆక్రమింపక, తమతమ లోతులలో నిలిచియుండగా, తడిపిన దళసరి కాగితమును పైన పఱచి ప్రెస్సు క్రింద ఒక్కసారి నడిపింతురు. కాగితము పల్లములలోనికి దిగి అన్ని రంగులను ఒకేసారి పైకి తెచ్చును.

ఎమ్మిగనూరు నేతపనివారికి ఇందలి మర్మము నాకంటె త్వరగా తెలియును. ఎఱ్ఱని పడుగులో ఆకుపచ్చ పేక నడపి నేసిన బట్టను వెలుగులో మడచి చూచినపుడు, అచ్చట నిలుచున్నది ఎఱుపును గాదు, ఆకుపచ్చయు గాదు; రెండు నూలులు ఒకదానిక్రింద నొకటి దూరి పోవుటవలన పుట్టిన మూడవ వన్నె. ఆ వన్నె బట్టపై పూసినది కాదు, బట్ట కట్టుబడిలోనిది. కృష్ణారెడ్డి గారి ముద్రలలోని రంగును అట్లే చూడవలెను. దూరమునుండి నీలముగా తోచినది దగ్గరకు పోయిన కొలది సన్నని పసుపు చుక్కలుగా, ఊదా గీతలుగా, ఆకుపచ్చని అంచులుగా విడిపోవును. కంటిలోనే అవి మఱల కలియును. ఆ చుక్క యొక్కొక్కటియు పలకమీద నొక చిన్ని గుంట, లేక నొక చిన్ని మెట్ట.

1963లో చేసిన 'సుడిగుండము' ఈ విద్యకు నాకు తెలిసినంతలో శిఖరము. అందులో నీటి బొమ్మ లేదు; నీటి కదలిక కలదు. కేంద్రమునుండి వెడలి కేంద్రమునకే మఱలు గీతలు వందలుగా చుట్టుకొని, తిరుగుచు, తిరుగుటలోనే చీలి, నక్షత్రమండలమో నదీగర్భమో నిర్ణయింపరాని యొక మహావేగమును కాగితమున నిలిపినవి. ఆ గీత యొకటైనను పైపైన పోలేదు. ఉలి దిగిన లోతుననుసరించి కాగితము ఉబ్బినది. వ్రేలికొనతో తడవనిచ్చినచో కన్ను లేనివాడును ఆ సుడిని తెలిసికొనగలడు.

ప్రకృతినే గాక మనుష్యుని కూడ ఆయన ఇట్లే చూచిరి. 1968లో పారిస్ వీధులలో విద్యార్థులును కార్మికులును తిరుగబడిన దినములలో ఆయన ఆ నగరముననే యుండిరి. ఆ యేటి 'నిరసనకారులు' అను ముద్రలో ముఖములు లేవు, జెండాలు లేవు. నిలువుగా సాగిన దేహములు ఒకదానిలో నొకటి కలిసి, చేతులు పైకెత్తిన అడవియై నిలిచినవి. గుంపును ఒకే ప్రాణిగా చూచిన ఆ చూపు సంతాల్ కుటుంబమును దినము చూచిన కన్నులకు గాక మఱియెవరికి దక్కును? ఆ తరువాత కుమార్తె అపును వెంటబెట్టుకొని సర్కసు చూడబోయిన తండ్రికి అచ్చటి విదూషకుడు మఱుపునకు రాడయ్యెను. నవ్వింపవలసిన వాడు పడి లేచుచుండగా, చుట్టును వలయములై తిరుగు ప్రపంచము. 1981 నాటి 'మహావిదూషకుడు' అట్లు పుట్టెను. ఒకే పలకనుండి ఆ విదూషకుని ఆయన అనేక వర్ణభేదములతో ముద్రించి, ఒక యచ్చున దుఃఖమును, ఒక యచ్చున ఉత్సవమును చూపిరి. చెక్కడము మాఱలేదు, రోలరుల వరుసయు నూనెపాలును మాఱినవి.

రాతిని ఆయన విడిచినారని తలంపరాదు. 1964లో మాంట్రియల్ నగరమున జరిగిన అంతర్జాతీయ శిల్పుల సమావేశమున పాల్గొని బహిరంగ ప్రదేశమున శిల్పము చెక్కిరి. కంచు, రాయి, జింకు అను భేదము మనకే గాని, ఆయన చేతికి లేకుండెను.

తెలిసిన విద్యను దాచుకొనకుండుట ఆయన స్వభావము. అటెలియే 17లో హేటరు గారికి సహనిర్దేశకులై, 1976లో న్యూయార్కు చేరి, అచ్చటి విశ్వవిద్యాలయమున ముద్రణకళాశాఖను పెక్కేండ్లు నడిపిరి. 1988లో తన పద్ధతి నంతయు నొక గ్రంథముగా వ్రాసి ప్రకటించిరి. రంగు కలుపు పాళ్లను తండ్రి కొడుకునకు మాత్రమే చెప్పు కులవృత్తుల దేశమునుండి వెళ్లిన ఒక పల్లెవాని యీ ఔదార్యము నాకు ఆయన చిత్రములంత గొప్పదిగా తోచును. జరీనా హష్మీ వంటి కళాకారిణులు అటెలియే 17 నుండి వచ్చినవారే. 1972లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చెను. 1938లో ఎమ్మిగనూరున చేనేత సహకార సంఘమును స్థాపించి వేలమంది నేతకుటుంబములకు నీడ కల్పించిన మాచాని సోమప్ప గారికి అదే బిరుదము 1954లో లభించియుండెను. ఒకరు నూలును, ఒకరు లోహమును పట్టుకొన్నవారు. చేతిపనివాని గౌరవమును పెంచినవారిద్దఱును రాయలసీమవారగుట నాకు సంతోషకారణము. సోమప్ప గారిని ఎమ్మిగనూరు మఱువలేదు.

2018 ఆగస్టు 22న న్యూయార్కులో కృష్ణారెడ్డి గారు కన్నుమూసిరి. తొంబదిమూడేండ్ల ఆ జీవితమున అధికభాగము పరదేశమున గడచినను, ఆయన శిల్పవిద్య మొదలైనది నందనూరి దేవాలయపు గోడ ముందు.

ఇక నా మనవి యొక్కటి. ఆయన ముద్రలను ప్రదర్శించుచోట్ల చాలవఱకు కాగితమును మాత్రమే అద్దములో బిగించి గోడకు తగిలింతురు. చూచువానికి రంగు దక్కును, లోతు దక్కదు. కనుక ఆదోనిలో గాని ఎమ్మిగనూరిలో గాని ఎప్పుడైనను ఆయన కృతులకు ప్రదర్శనము జరిగినచో, ముద్రప్రక్కన ఒక జింకు పలకను, ఆయన పలక దొరకకపోయినచో ఆ పద్ధతిలో నేటి విద్యార్థులు చెక్కిన పలకనైనను, పిల్లలు చేతితో తడవదగిన ఎత్తున బల్లపై నుంచవలెను. గట్టి రోలరొకటి, మెత్తని రోలరొకటి, ఒక గిన్నెలో అవిసెనూనె, రెండు రంగులు ఉన్నచో చాలును. మగ్గపు పనివారిని, కోటక్రింది రాతిపనివారిని ముందు పిలిచి, ఆ పలకనుండి ఒక అచ్చు వారిచేతనే తీయింపవలెను.